పట్టించుకోని ఇంట్లోంచి వచ్చిన చిలుకని కోలుకునేలా చేసి, మంచి ఇంటికి చేర్చడం ఎలా

"లాక్‌డౌన్‌లో పిల్లలు గొడవ చేస్తే కొన్నామండీ, ఇప్పుడు చూసుకోవడానికి ఎవరికీ టైం ఉండట్లేదు, మీరు తీసుకుంటారా?" ఇలాంటి ఫోన్లు నాకు కొన్నేళ్ళుగా వస్తూనే ఉన్నాయి. ఇంకో రకం ఫోన్ వీసా వచ్చినవాళ్ళది. ఫ్రిజ్, మంచం, బీరువా నెల ముందే బేరం కుదిరిపోతాయి, బాల్కనీలో ఉన్న పంజరం మాత్రం ప్రయాణానికి వారం ముందు గుర్తొస్తుంది. అలా వచ్చినవాటిలో ఒకదాని పేరు పండు. బూడిద రంగు మగ కాకటీల్ (తల మీద కుచ్చు ఉండే చిన్న విదేశీ చిలుక), నాలుగేళ్ళ వయసు, తోక ఈకలు విరిగిపోయి ఉన్నాయి, గోళ్ళు మెలి తిరిగాయి. "బాగానే ఉంటాడండీ, గింజలు పోస్తే చాలు" అని చెప్పి ఇచ్చారు. చూస్తే నాకూ బాగానే ఉన్నట్టు అనిపించాడు. ఇంటికొచ్చి తూకం మీద పెడితే 68 గ్రాములు. ఆరోగ్యంగా ఉన్న కాకటీల్ 80 నుంచి 100 గ్రాముల దాకా ఉంటుంది.

పక్షి తన జబ్బుని దాచుకుంటుంది. గుంపులో నీరసంగా కనిపించినదాన్నే డేగ ముందు తన్నుకుపోతుంది కాబట్టి చివరి రోజు దాకా నిటారుగా కూర్చునే ఉంటుంది. మనం "హుషారుగానే ఉంది కదా" అనుకుంటూ ఉండగానే చేయి దాటిపోతుంది. అందుకే ఈ పని మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట: మీ కళ్ళని నమ్మకండి, ఒక్క గ్రాము తేడా కూడా చూపించే డిజిటల్ తూకం కొనండి. పంజరం తర్వాత, బొమ్మలు తర్వాత.

1. ముందు అది ఏ పక్షో తేల్చుకోండి

ఇది తేలకుండా ఏ అడుగూ వేయొద్దు. మన రామచిలుక (మెడ చుట్టూ గులాబి గీత ఉండేది), దానికంటే పెద్దగా భుజం మీద ఎర్ర మచ్చతో ఉండేది, ఎర్రటి తల ఉండే చిన్న చిలుక, ఇవన్నీ మన దేశపు అడవి పక్షులు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వీటిని పట్టుకోవడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం అన్నీ నేరమే. చిలక జోస్యం చెప్పేవాళ్ళ దగ్గర ఉన్నదైనా, తాతల కాలం నుంచి ఇంట్లో అలవాటుగా పెంచుతున్నదైనా అంతే. పూర్వజన్మలో ఒక చిలుకని పంజరంలో పెట్టినందుకే రామదాసు గోల్కొండలో పన్నెండేళ్ళు ఖైదులో ఉన్నాడని మన ఇళ్ళల్లో తరతరాలుగా కథ చెప్పుకుంటాం. చెప్పుకుంటూనే గుమ్మం దగ్గర చిలక పంజరం వేలాడదీస్తాం, నాకు ఇది ఎప్పటికీ మింగుడుపడదు.

కాబట్టి రామచిలుక మీ దగ్గరికి వస్తే దానికి మీరు కొత్త ఇల్లు వెతకలేరు, వెతకకూడదు. దగ్గరలోని అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకి చెప్పి అప్పగించండి. "పోనీ డాబా మీదకెళ్ళి వదిలేస్తాను, పుణ్యం" అనుకోవద్దు. ఏళ్ళ తరబడి పంజరంలో ఉన్నదానికి రెక్కల్లో కండ ఉండదు. ఎక్కడ తిండి దొరుకుతుందో తెలియదు, కాకి నుంచి తప్పించుకోవడం రాదు, ఆకలేస్తే మనుషుల మీదే వచ్చి వాలుతుంది. పంజరంలో అంటిన జబ్బుని బయటి గుంపుకీ మోసుకెళ్తుంది. పెద్ద ఎన్‌క్లోజర్‌లో ఎగరడం నేర్పి, తన జాతి గుంపుతో కలిపి, మెల్లగా బయటికి అలవాటు చేసే పద్ధతి వేరే ఉంది, అది చట్టపరమైన అనుమతి ఉన్నవాళ్ళు చేసే పని.

మిగతావి విదేశీ పక్షులు: బడ్జీలు (మన షాపుల్లో వీటినే లవ్ బర్డ్స్ అని అమ్మేస్తారు), అసలు లవ్ బర్డ్స్, కాకటీల్స్, సన్ కనూర్లు, ఆఫ్రికన్ గ్రేలు, మకావ్‌లు. వీటిని పెంచుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. కాకపోతే సైటీస్ (వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాల్లో ఉన్నవాటిని 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేశ్ 2.0 పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి, చేతులు మారినా అక్కడ తెలపాలి. సన్ కనూర్, మకావ్ ఆ జాబితాలో ఉన్నాయి. ఆఫ్రికన్ గ్రే అయితే 2017 నుంచి అత్యంత కఠినమైన మొదటి జాబితాలో ఉంది. బడ్జీ, కాకటీల్ ఆ జాబితాల్లో లేవు. పక్షిని తీసుకునేటప్పుడే కాగితాలు అడగండి, వాళ్ళు దేశం దాటాక ఫోన్ ఎత్తరు. ఒక్క మాట, విదేశీ పక్షిని ఎట్టి పరిస్థితుల్లోనూ బయట వదలకండి, అది దానికి మరణశిక్షే.

2. ఇచ్చేవాళ్ళతో ఎలా మాట్లాడాలి

కోపం వస్తుంది, నాకూ వస్తుంది. కానీ మొదటి ఐదు నిమిషాల్లోనే తిడితే వాళ్ళు నిజం చెప్పరు, మీకు కావాల్సింది నిజం. ఏం తింటోంది, ఎన్నాళ్ళుగా అదే తిండి, గుడ్లు పెట్టిందా, ఎప్పుడైనా మందు వాడారా, ఇంట్లో వేరే పక్షి చనిపోయిందా, ఎవరిని చూస్తే భయపడుతుంది, ఏ మాటలు లేదా ఏ ఈలలు వచ్చు, రాత్రి ఎక్కడ పడుకుంటుంది. అన్నీ కాగితం మీద రాసుకోండి. పాత పంజరం ఎంత దరిద్రంగా ఉన్నా దాన్ని కూడా తెచ్చుకోండి, ఎందుకో తర్వాత చెప్తాను. వాళ్ళు పోస్తున్న గింజలే ఒక కేజీ తెచ్చుకోండి.

3. మొదటి మూడు రోజులు: ఏమీ చేయకండి

నిజంగానే. స్నానం చేయించొద్దు, గోళ్ళు కత్తిరించొద్దు (రక్తం కారుతున్నా, ఊపిరికి ఎగపోస్తున్నా మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికే), బంధువుల్ని పిలిచి చూపించొద్దు, పళ్ళముక్కలతో పంజరం నింపొద్దు. అదే పాత పంజరంలో, అదే పాత గింజలతో, ఒక గోడ వైపు ఆనించి, సగం పంజరానికి గుడ్డ కప్పి, మనుషులు తక్కువ తిరిగే గదిలో పెట్టండి. ఇల్లు మారింది, మనుషులు మారారు, చప్పుళ్ళు మారాయి. ఆ పంజరం, ఆ గిన్నె మాత్రమే దానికి తెలిసినవి.

ఇంట్లో మీకు వేరే పక్షులు ఉంటే కొత్తదాన్ని వేరే గదిలో కనీసం 30 నుంచి 45 రోజులు ఉంచండి. ముందు మీ పక్షుల పని చూసుకుని, ఆ తర్వాతే దీని దగ్గరికి వెళ్ళండి, చేతులు సబ్బుతో కడగండి, గిన్నెలు కలపొద్దు. ముక్కు, ఈకలు పాడుచేసే వైరస్ ఒకటి ఉంది, దానికి మందు లేదు. ఇక సిట్టకోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు మనుషులకీ అంటుకుంటుంది. ఎండిన రెట్ట పొడిని పీలిస్తే వస్తుంది, కాబట్టి ట్రే శుభ్రం చేసే ముందు నీళ్ళు చల్లి తడపండి, మాస్క్ పెట్టుకోండి. తర్వాత రెండు మూడు వారాల్లో మీకు జ్వరం, తలనొప్పి, పొడి దగ్గు వస్తే మీ డాక్టర్‌కి ఇంట్లో చిలుక ఉందని తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే వాళ్ళకి ఆ ఆలోచనే రాదు.

పక్షి ఈకలన్నీ ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుంటే, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతుంటే, నోరు తెరిచే ఉంచితే అది ఎమర్జెన్సీ. గదిని 28 నుంచి 30 డిగ్రీల వేడిలో ఉంచండి, వేడినీళ్ళ సీసాకి తువ్వాలు చుట్టి పంజరానికి ఒక పక్క మాత్రమే పెట్టండి, వేడెక్కితే రెండో పక్కకి జరగగలగాలి. నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బయల్దేరండి.

4. డాక్టర్

కుక్కలు, పిల్లులు చూసే ప్రతి వెటర్నరీ డాక్టర్‌కీ పక్షులు చూసే అనుభవం ఉండదు. ఫోన్‌లోనే "చిలుకలకి గొంతు స్వాబ్ తీస్తారా, రెట్ట పరీక్ష చేస్తారా" అని అడిగితే సగం తేలిపోతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో, గన్నవరంలో వెటర్నరీ కాలేజీలు ఉన్నాయి, అక్కడ అడిగినా ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలుస్తుంది. నాకు ఒకసారి ఒక క్లినిక్‌లో పరీక్ష ఏమీ చేయకుండా కోళ్ళకిచ్చే యాంటీబయాటిక్ పొడి నీళ్ళలో కలపమన్నారు. పక్షి రుచి మారిందని నీళ్ళు తాగడం మానేసి ఇంకా నీరసపడింది. అప్పటి నుంచి పరీక్ష లేకుండా మందు వాడటం మానేశాను.

పరీక్షలో చూడాల్సినవి: రొమ్ము ఎముక రెండు పక్కలా కండ ఎంత ఉంది, నోటి లోపల తెల్ల మచ్చలు ఉన్నాయా, ముక్కు రంధ్రాల్లోంచి కారుతోందా, పాదాల అడుగున పుండ్లు ఉన్నాయా, రెట్టలో పురుగులు, ఫంగస్ ఉన్నాయా. బడ్జీల ముక్కు చుట్టూ తేనెపట్టులా తెల్లటి పొలుసు పడితే అది పురుగు, డాక్టర్ ఇచ్చే ఐవర్‌మెక్టిన్‌తో పోతుంది. దానికి కొబ్బరినూనె, పసుపు పూయకండి. నూనె అంటిన ఈకలు అతుక్కుపోయి ఒంట్లో వేడి నిలవదు. సిట్టకోసిస్ అని తేలితే డాక్సీసైక్లిన్ 45 రోజుల దాకా వాడాల్సి రావచ్చు, మధ్యలో బాగైందని ఆపకండి, ఆ రోజుల్లో కాల్షియం ఇస్తే మందు సరిగా ఒంటబట్టదు కాబట్టి కాల్షియం కోసం పంజరంలో పెట్టే కటిల్ ఫిష్ ఎముక ఉంచాలా తీయాలా అని డాక్టర్‌ని అడగండి.

5. రోజూ తూకం

పొద్దున్నే, మొదటి రెట్ట వేశాక, తిండి పెట్టకముందు. తూకం మీద ఒక చిన్న కర్ర బిగించి దాని మీద ఇష్టమైన గింజ పెడితే కొన్నాళ్ళకి తనే వచ్చి కూర్చుంటుంది. అప్పటిదాకా చిన్న మూత డబ్బాలో పెట్టి తూచి, డబ్బా బరువు తీసేయండి. గోడ మీద క్యాలెండర్‌లో తేదీ పక్కన రాయండి. రెండు మూడు గ్రాములు అటూ ఇటూ అవడం మామూలే. అసలు బరువులో పదో వంతు తగ్గితే, అంటే 80 గ్రాముల పక్షి 72కి వస్తే, ఎంత హుషారుగా ఈలలేసినా సరే డాక్టర్ దగ్గరికి.

బరువు ఎక్కువ ఉన్నదీ రోగిష్టిదే. పొద్దుతిరుగుడు గింజలు మాత్రమే తిన్నవాటికి కాలేయానికి కొవ్వు పడుతుంది, ముక్కు కొస విపరీతంగా పెరుగుతుంది. షాపువాడు చెప్పాడని ముక్కు కొస కత్తిరించి సరిపెట్టకండి, లోపల కాలేయం సంగతి చూడాలి.

6. పంజరం, గది

గుండ్రటి పంజరం వద్దు. ఎత్తు కంటే పొడవు ముఖ్యం, రెండు రెక్కలూ పూర్తిగా చాపి అటూ ఇటూ నాలుగు అంగలు వేయగలగాలి. కొత్త జీఐ తీగ పంజరాల మీద జింక్ పూత పొడిలా రాలుతుంది, చిలుకలు కమ్మీలు కొరుకుతాయి, జింక్ విషమవుతుంది. పౌడర్ కోటింగ్ లేదా స్టీల్ తీసుకోండి. లోపల ఉండే నున్నటి ప్లాస్టిక్ గొట్టాలు తీసి పారేయండి, రోజంతా ఒకే మందం మీద నిలబడితే పాదాల్లో పుండ్లు పడతాయి. జామ, వేప కొమ్మలు మందు కొట్టని చెట్టు నుంచి తెచ్చి, కడిగి, ఎండబెట్టి, సన్నవీ లావువీ కలిపి బిగించండి. బెరడు చీలుస్తూ కూర్చుంటుంది, అదీ పనే.

మన ఇళ్ళల్లో చిలుకల్ని చంపేవి చాలావరకు ఇంట్లో రోజూ వాడే వస్తువులే. సీలింగ్ ఫ్యాన్ మొదటిది. పక్షి బయట ఉన్నంతసేపు ఫ్యాన్ స్విచ్ మీద టేపు అంటించండి, ఎవరో అలవాటుగా వేసేస్తారు. రెండోది నాన్‌స్టిక్ పెనం, పొయ్యి మీద మరిచిపోతే దాని పొగకి పక్క గదిలో చిలుక కూడా నిమిషాల్లో చనిపోతుంది. దోమల చుట్టలు, అగరబత్తి, కర్పూరం, రూమ్ స్ప్రే కూడా ఆ గదిలో వద్దు. పొద్దుటెండ పదిహేను ఇరవై నిమిషాలు నేరుగా తగలాలి, కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండతో విటమిన్ డి రాదు. సగం పంజరానికి నీడ ఉండాలి, మీరు పక్కనే ఉండాలి, కాకులు, కోతులు, పిల్లులు ఉన్న ఊళ్ళు మనవి. రాత్రిపూట చీకట్లో మొత్తం పది పన్నెండు గంటల సేపు నిద్ర కావాలి. టీవీ ఉన్న హాల్లో అది కుదరదు. కాకటీల్స్‌కి చీకట్లో ఉలిక్కిపడి పంజరానికేసి కొట్టుకునే అలవాటు ఉంది, చిన్న జీరో బల్బు పెట్టండి. దీపావళి వారం అయితే లోపలి గదిలో, తలుపులు వేసి, పక్కన మీరు పడుకోండి.

7. తిండి మార్చడం

ఇక్కడే చాలామంది తొందరపడతారు, ఇక్కడే పక్షులు చనిపోతాయి. నాలుగేళ్ళు గింజలు తప్ప వేరేది చూడని చిలుకకి క్యారెట్ ముక్క తిండిలా కనిపించదు. "ఆకలేస్తే అదే తింటుంది" అని గింజలు తీసేస్తే చిన్న పక్షి ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతుంది.

నేను చేసేది ఇది. పొద్దున్న ఆకలి మీద ఉన్నప్పుడు కొత్త తిండి ముందు పెడతాను, గంటన్నర తర్వాత గింజలు. సాయంత్రం మళ్ళీ గింజలు, నిద్రకి ముందు పొట్ట నిండుగా ఉండాలి. కొత్త తిండి అంటే మొదట ముక్కలు కోయకుండా తురమాలి. క్యారెట్, గుమ్మడి, ఉడికించిన చిలగడదుంప సన్నగా తురిమి, తనకి తెలిసిన కొర్రలు, సజ్జలు నానబెట్టి అందులో కలిపితే గింజ కోసం వెతుకుతూ తురుము నోటికి అంటుకుంటుంది. అలా రుచి తెలుస్తుంది. తోటకూర, మునగాకు, కొత్తిమీర రెమ్మలు తడిపి పంజరం కమ్మీకి వేలాడదీయండి, ఆ తడిలో దొర్లడానికి వచ్చి కొరుకుతుంది. పాలకూర, గోంగూర అప్పుడప్పుడు చాలు, కాల్షియంని అడ్డుకుంటాయి. పెసలు మొలకలు మంచివి, బాగా కడిగి, రెండు మూడు గంటల తర్వాత మిగిలింది తీసేయాలి, మన ఎండలకి వెంటనే పులుస్తాయి. జామకాయ, గింజలు తీసిన ఆపిల్, దానిమ్మ. పచ్చిమిరపకాయ పెట్టొచ్చా అని అందరూ అడుగుతారు: పెట్టొచ్చు, పక్షులకి ఆ మంట తెలియదు, పండుమిరపలో విటమిన్ ఏ అందించే పదార్థాలు కూడా ఎక్కువ. గింజలు మాత్రమే తిన్న చిలుకకి ముందు లోపించేది అదే, నోట్లో తెల్ల మచ్చలు, మాటిమాటికీ జలుబు దానివల్లే.

మీరు దాని ముందు కూర్చుని అదే క్యారెట్ తినండి. చిలుక గుంపులో తింటుంది, ఎవరో తింటుంటే చూసి నేర్చుకుంటుంది. పండు పదిహేడు రోజులు తురుముని కాలితో తన్నేశాడు, పద్దెనిమిదో రోజు నా పళ్ళెంలోంచి మునగాకు లాక్కున్నాడు. బడ్జీలకి నెలలు పట్టొచ్చు. ఈ రోజుల్లో తూకం ఇంకా ముఖ్యం. రెట్ట కూడా చూడండి, ముదురు పచ్చగా, చిన్నగా, జిగటగా వస్తుంటే తిండి లోపలికి పోవట్లేదని అర్థం, మళ్ళీ పాత గింజలకి వెళ్ళిపోండి, వారం ఆగి మొదలుపెట్టండి.

అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, వెల్లుల్లి, మద్యం, ఉప్పు వేసిన చిరుతిండి విషంతో సమానం. పాలలో నానబెట్టిన బిస్కెట్, పెరుగన్నం ప్రేమతోనే పెడతారు తెలుసు, కానీ పాలని అరిగించుకునే శక్తి పక్షులకి లేదు.

8. ఈకలు పీక్కోవడం, అరుపులు, గుడ్లు

రొమ్ము మీద ఈకలు లేవు, తల మీద మాత్రం బాగున్నాయి అంటే అది తనే పీక్కుంటోంది, ముక్కు తలకి అందదు కదా. ముందు జబ్బు లేదని పరీక్షల్లో తేల్చుకోండి, ఆ తర్వాతే బోర్ కొట్టడం, భయం, ఒంటరితనం వైపు చూడండి. ముక్కుకి పని ఇవ్వండి: మొక్కజొన్న పొత్తుల పై ఆకులు, తాటాకు ముక్కలు, ప్రింట్ లేని కాగితంలో చుట్టిన గింజలు. అడవిలో చిలుక రోజులో చాలా భాగం తిండి వెతుక్కోవడంలోనే గడుపుతుంది, మనం గిన్నెలో పోసి ఆ పని లాగేసుకున్నాం. గోరువెచ్చని నీళ్ళు వారానికి మూడు సార్లు సన్నటి జల్లుగా కొట్టండి. ఏళ్ళ తరబడి పీక్కున్న చోట మళ్ళీ ఈకలు రాకపోవచ్చు, అది మీ ఓటమి అనుకోకండి. రెక్కలు కత్తిరించి పంపిన పక్షికి మాత్రం ఈకలు రాల్చే కాలంలో మొత్తం కొత్తవి వస్తాయి, ఏడాది దాకా పట్టొచ్చు.

పొద్దున్న, సాయంత్రం అరవడం చిలుక స్వభావం. మీరు కనిపించనప్పుడు అరిస్తే "ఎక్కడున్నావ్" అని పిలుస్తున్నట్టు, వంటింట్లోంచి ఒక ఈల వేసి జవాబివ్వండి, చాలాసార్లు అక్కడితో ఆగుతుంది. గుడ్డ కప్పేసి శిక్షించకండి.

ఆడ కాకటీల్ ఆగకుండా గుడ్లు పెడుతుంటే కుండలు, అద్దం, చీకటి మూలలు తీసేయండి, వెలుతురు గంటలు తగ్గించండి, వీపు నిమరకండి (తల, మెడ మాత్రమే). గుడ్డు అడ్డం పడి అడుగున ముక్కుతూ కూర్చుంటే రేపటి దాకా ఆగొద్దు.

9. నమ్మకం

చేతిని చూస్తేనే పంజరం వెనక్కి అతుక్కుపోయే పక్షి మీద చాలాసార్లు ఎవరో చేతితో ఏదో చేసి ఉంటారు. పట్టుకుని, కుదిపి, గుప్పిట్లో నొక్కి. ఆ చేతినే మళ్ళీ నమ్మమని అడుగుతున్నాం మనం, కాబట్టి వేగం దాని ఇష్టం.

మొదటి వారం పంజరానికి ఆరడుగుల దూరంలో పక్కకి తిరిగి కూర్చోండి, పేపర్ చదవండి, మెల్లగా మాట్లాడండి. కళ్ళలోకి తేరిపార చూడొద్దు, అలా చూసేది వేటాడే జంతువు. ఈకలు ఒంటికి అంటుకుపోయి, మెడ సాగి, కదలకుండా ఉంటే భయపడుతోంది, ఒక అడుగు వెనక్కి జరగండి. ముక్కుతో ఈకలు సర్దుకోవడం, ఒంటికాలి మీద నిలబడటం, ముక్కు మెల్లగా నూరడం కనిపిస్తే ఆ దూరం సరిపోయిందన్నమాట. మర్నాడు అర అడుగు దగ్గరికి.

తర్వాత, దారిలో వెళ్తూ గిన్నెలో ఒక్క ఇష్టమైన గింజ వేసి వెళ్ళిపోండి, ఆగొద్దు. మీ రాక అంటే మంచి జరగడం అని తెలియాలి. అది కుదిరాక ఒక పొడవాటి పుల్ల తీసుకోండి. పుల్ల కొసని ముక్కుతో తాకితే నోటితో "ఊఁ" అని, వెంటనే గింజ. రోజుకి రెండుసార్లు, మూడేసి నిమిషాలు, అంతకంటే వద్దు. పుల్ల ఎటు జరిపితే అటు వస్తుంది. పుల్లతోనే తూకం మీదకి, పుల్లతోనే కొత్త పంజరంలోకి, చివరికి మీ ముంజేతి మీదకి. ఎక్కడైనా ఆగిపోతే బలవంతం చేయకండి, ముందు మెట్టుకి దిగండి. కరిస్తే అరవొద్దు, చేయి విసరొద్దు, నిదానంగా దించి, కరవడానికి ముందు అది ఏ సైగ చేసిందో గుర్తు తెచ్చుకోండి. ఏదో ఒకటి చేసే ఉంటుంది, మనం చూసుకోం. పండు చేతి మీదకి రావడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పటికి బరువు 86.

10. కొత్త ఇల్లు

బరువు ఆరు వారాలు నిలకడగా ఉండి, మూడు రకాల కూరగాయలైనా తింటూ, పరీక్షలు శుభ్రంగా వచ్చాకే ఇల్లు వెతకండి. "ఫ్రీగా ఇస్తాం" అని ఎక్కడా పెట్టకండి, ఉచితంగా తీసుకుని మర్నాడు అమ్మేసేవాళ్ళు ఉన్నారు. డాక్టర్ ఖర్చులో కొంతైనా అడగండి.

వచ్చినవాళ్ళని నేను అడిగే ప్రశ్నలు: సంక్రాంతికి వారం ఊరెళ్తే పక్షి ఎక్కడ ఉంటుంది? అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నారా, పొద్దున ఆరింటికి అరిస్తే పక్క ఫ్లాట్ వాళ్ళు ఏమంటారు? రోజులో ఇంట్లో ఎవరు ఉంటారు? పిల్లి ఉందా? కాకటీల్ పదిహేను ఇరవై ఏళ్ళు, ఆఫ్రికన్ గ్రే నలభై దాటి కూడా బతుకుతుంది, మీ తర్వాత ఎవరు? రిటైరైన దంపతులు చాలా మంచి ఇల్లు, రోజంతా మనిషి మాట వినిపిస్తుంది, కానీ గ్రే అయితే ఈ చివరి ప్రశ్నకి పిల్లలు కూడా కూర్చుని జవాబు చెప్పాలి. "మాట్లాడుతుందా?" అని మొదట అడిగితే నేను కొంచెం ఆగుతాను. "ఏం తింటుంది?" అని మొదట అడిగినవాళ్ళకి టీ పెడతాను.

వాళ్ళింటికి వెళ్ళి చూడండి. ఫ్యాన్లు, వంటింటి తలుపు, బాల్కనీ మెష్, పంజరం పెట్టే మూల. తర్వాత వాళ్ళు మూడు సార్లైనా మీ ఇంటికి రావాలి, మూడోసారికి పక్షి వాళ్ళ చేతిలో గింజ తీసుకోవాలి. తీసుకోకపోతే నాలుగోసారి రమ్మనండి. విసుక్కుంటే మీకు జవాబు దొరికినట్టే.

ఒక కాగితం రాసుకోండి: అమ్మకూడదు, రెక్కలు కత్తిరించకూడదు, వద్దనుకుంటే నాకే తిరిగివ్వాలి, ఏడాదైనా పదేళ్ళైనా. రిజిస్ట్రేషన్ ఉన్న జాతి అయితే పోర్టల్‌లో మార్పు ఆ వారమే చేయించండి.

11. అప్పగించే రోజు, ఆ తర్వాత

పొద్దున్నే ఇవ్వండి, చీకటి పడేలోపు గది అలవాటవుతుంది. అది ఉన్న పంజరంతోనే, అది కూర్చునే కొమ్మతోనే పంపండి. పాత పంజరం తెచ్చుకోమన్నది ఇందుకే, మీ ఇంటికి వచ్చినప్పుడు దానికి తెలిసిన వస్తువు అది, ఇప్పుడు తెలిసిన వస్తువులు ఇవి. రెండు వారాల తిండి, రోజువారీ చార్ట్, తూకం రాసిన క్యాలెండర్, డాక్టర్ రిపోర్టులు ఇవ్వండి. దానికి తెలిసిన మాటలు, ఈలలు మీ గొంతుతో రికార్డ్ చేసి పంపండి. తెలుగు మాటలు విని పెరిగిన గ్రే ఇంకో భాష ఇంటికి వెళ్తే "దా", "తిన్నావా" అన్న రెండు మాటలైనా ఆ ఇంటివాళ్ళు నేర్చుకోవాలి, దానికి ఎవరూ జవాబివ్వకపోతే మాట్లాడటం మానేయొచ్చు.

మొదటి వారం రోజూ ఫోన్. మొదటి నెల వారానికోసారి తూకం ఫొటో. కొత్త ఇంట్లో నాలుగైదు గ్రాములు తగ్గడం చూస్తాం, పది రోజుల్లో తిరిగి ఎక్కాలి. ఎక్కకపోతే మొహమాటపడకుండా వెళ్ళి చూడండి, అవసరమైతే వెనక్కి తెచ్చుకోండి.

కొన్ని ఎవరింటికీ వెళ్ళవు. ఈకలు ఎప్పటికీ రానివి, ఒకే మనిషికి అలవాటైనవి, మందులతో బతికేవి. వాటికి మీ ఇంట్లో చోటు ఉందో లేదో మొదటి పక్షిని తెచ్చుకోకముందే ఆలోచించుకోండి. నా దగ్గర అలాంటివి రెండున్నాయి, ఇంకొకదాన్ని తీసుకునే చోటు లేదు కాబట్టి ఈ మధ్య ఫోన్ వస్తే ముందు ఆ మాటే చెప్తున్నాను.

పండు ఇప్పుడు కూకట్‌పల్లిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ గారింట్లో ఉంటున్నాడు. ఆవిడ ప్రతి ఆదివారం తూకం ఫొటో పంపిస్తారు, నేను అడగడం మానేసి ఏడాది దాటింది. మొన్నటిది 91.